పుష్కర్‌లో ఒక రాత్రి

పుష్కరాలంటే మాకు పన్నెండేళ్ళకోసారి గోదావరికో కృష్ణకో వచ్చేవే. ఆ పేరుతో రాజస్థాన్‌లో ఒక ఊరు, ఊరి నడుమ ఒక సరస్సు ఉన్నాయని తెలిసినా, అమ్మ అడిగేదాకా బయల్దేరలేదు. నాన్నగారికి అక్కడ తర్పణం వదలాలని ఆవిడ కోరిక.

అజ్మీర్‌లో రైలు దిగి బస్సెక్కాం. నాగ్ పహాడ్ కొండ దాటితే సుమారు 15 కిలోమీటర్లు. పొద్దున చూసుకుని సాయంత్రానికి తిరిగి అజ్మీర్ చేరాలని మా లెక్క.

బ్రహ్మ చేతిలోని తామర రేకు రాలినచోట ఈ సరస్సు వెలిసిందంటారు. చుట్టూ 52 ఘాట్లు. నీళ్ళకి చాలా ఎడంగానే చెప్పులు విడవాలి, స్నానాల దగ్గర ఫొటోలు తీయకూడదు. ఊళ్ళో మాంసం, గుడ్లు, మద్యం నిషిద్ధం.

మొదట కూర్చున్నచోట ఒకాయన అమ్మ చేతిలో పూలు పెట్టి, సంకల్పం మధ్యలో వేలల్లో దక్షిణ ఒప్పించబోయాడు. అమ్మ ముఖం చిన్నబోయింది. పూలు నీళ్ళలో వదిలి లేచి వచ్చేశాం. తర్వాత గౌ ఘాట్‌లో ఒక పెద్దాయనతో దక్షిణ ముందే మాట్లాడుకుని కూర్చున్నాం. మీరూ అలాగే చేయండి. ఆయన గోత్రం అడిగి, మూడు తరాల పేర్లు చెప్పించి, ఏ తొందరా లేకుండా చేయించారు. గాంధీజీ అస్థికలు కలిపింది కూడా ఆ ఘాట్‌లోనే.

బ్రహ్మ ఆలయానికి ఎర్రటి శిఖరం, గుమ్మం పైన హంస. పాలరాతి నేలలో భక్తులు పొదిగించిన వెండి నాణేలు, గర్భగుడికి ఎదురుగా వెండి తాబేలు. యజ్ఞానికి సావిత్రి రావడం ఆలస్యమైందని బ్రహ్మ గాయత్రిని పెళ్ళాడాడు, అందుకే సావిత్రి శపించింది. "ఆ మాత్రం ఆగలేకపోయాడా?" అంది అమ్మ. మోకాళ్ళ నొప్పులున్నా రోప్‌వేలో కొండెక్కి సావిత్రమ్మకు దండం పెట్టుకునే దిగింది. పైనుంచి చూస్తే సరస్సు చుట్టూ తెల్లటి ఊరు, ఆవల ఇసుక.

నాకు మాత్రం పాత రంగ్‌జీ ఆలయం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. ఎడారి ఊళ్ళో అచ్చం మన వైపు గోపురం! హైదరాబాద్‌కు చెందిన సేఠ్ పూరన్‌మల్ గనేరీవాలా 1823లో కట్టించారట. లోపల రంగనాథుడితో పాటు లక్ష్మీదేవి, రామానుజాచార్యులు, గోదాదేవి. "ఒరేయ్, మన గోదమ్మరా!" అని అమ్మ అక్కడే కూర్చుండిపోయింది. ఇంత దూరం వచ్చాక మనవాళ్ళ ఇంటికి చేరినట్టనిపించింది. తెలుగువాళ్ళు బ్రహ్మ గుడి ఒక్కటీ చూసి తిరిగిపోవడం నాకు బాధగా ఉంటుంది. దయచేసి ఇక్కడికీ రండి.

కార్తీక ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా స్నానాలకు మహా రద్దీ, ఒంటెల సంతా ఆ చుట్టుపక్కల రోజుల్లోనే. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు ఆ వారం తప్పించుకుంటే మంచిది.

పొద్దు వాలేసరికి మళ్ళీ ఘాట్‌కి వచ్చాం. ఎక్కడో నగారా మొదలైంది. గుళ్ళలో గంటలు మోగాయి, దొన్నెల్లో దీపాలు నీళ్ళ మీద కదిలాయి. బస్సుకి వేళవుతోందన్నాను. అమ్మ కదల్లేదు. "తెల్లవారుజామున ఇంకోసారి మునిగి వెళ్దాంరా" అంది. లేచి, దగ్గర్లో గది వెతకడానికి వెళ్ళాను.