బొటనవేలు చూపితే చాలునట

విశాఖలో అన్నప్రాశన బాగానే జరిగింది. చంటివాడు బంగారాన్నీ కత్తినీ కాదని పుస్తకం మీదికి పాకాడని వదిన పొంగిపోయింది. ఆ ముచ్చట ఫొటోలతో సహా రేపు తీరికగా రాస్తాను. ఇంత రాత్రివేళ నన్ను కూర్చోబెట్టి టైపు చేయిస్తున్నది మాత్రం తిరుగు ప్రయాణంలో మా ముందు వరుసలో కూర్చున్న ఒక కుర్రవాడి బొటనవేలు.

ఆ వరుస విమానం రెక్క మీదికి తెరుచుకునే అత్యవసర ద్వారం ఉన్న వరుస. కిటికీ పక్కనున్న ఆ అబ్బాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోనులో ఏదో చూస్తున్నాడు. ఎయిర్‌హోస్టెస్ వచ్చి, ప్రమాదం జరిగితే సిబ్బంది చెప్పినప్పుడు ఆ తలుపు తీయవలసింది అక్కడ కూర్చున్నవారేననీ, అంతవరకూ దాని పిడిని ముట్టుకోకూడదనీ, కాళ్ల దగ్గర సంచులు ఉంచకూడదనీ, సహాయం చేయడానికి సమ్మతమేనా అనీ గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో అప్పజెప్పింది. అతడు తల కూడా ఎత్తకుండా బొటనవేలు పైకి చూపించాడు. ఆమెకు అది సరిపోయింది. ఏం విన్నాడని, దేనికి ఒప్పుకున్నాడని ఆమె అడగలేదు. మా ఆయనతో ఈ మాట అంటే, "నీకు ప్రతిదీ కావాలి" అని కళ్లు మూసుకున్నారు.

నాకు వెంటనే గుర్తుకు వచ్చింది 2022 సెప్టెంబరులో విజయవాడ నుంచి హైదరాబాదుకు వస్తున్న విమానంలో జరిగిన సంగతి. తెలుగు తప్ప హిందీ, ఇంగ్లీషు రాని ఒక మహిళను ఎగ్జిట్ వరుసలోని 2ఎ సీటు నుంచి లేపి వెనుక వరుసలోకి మార్చారు. అదే విమానంలో ప్రయాణించిన ఒక ప్రొఫెసర్ ఆ విషయాన్ని ట్విట్టర్‌లో పెట్టడం, ప్రాంతీయ మార్గాలలో స్థానిక భాషలు వచ్చిన సిబ్బందిని ఎక్కువగా తీసుకోవాలని అప్పటి తెలంగాణ మంత్రి కేటీఆర్ విమాన సంస్థను కోరడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక తెలుగు ఊరిలో ఎక్కి ఇంకొక తెలుగు ఊరిలో దిగే మనిషికి తెలుగు మాత్రమే రావడం భద్రతకు అడ్డంకి ఎలా అవుతుందని ఆ వారమంతా నేను కనిపించినవారందరితోనూ వాదించాను. మా ఇంట్లో ఆ వాదన ఎంత దూరం వెళ్లిందో మళ్లీ రాయనక్కరలేదు.

ఈ రాత్రి అదే కోపంతో మొదలుపెట్టి, ఆ వరుసలో కూర్చునేవారికి సిబ్బంది మాట అర్థం కావాలన్న నియమం అసలు ఎక్కడి నుంచి వచ్చిందో చదువుతూ పోయాను. 1985 ఆగస్టు 22న ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో బయలుదేరబోతున్న ఒక విమానం ఎడమ ఇంజను పగిలి మంటలు లేచాయి. విమానం నేల మీదే ఆగింది, అయినా 55 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమందిని చంపింది పొగ. రెక్క పక్కనున్న ద్వారం దగ్గర కూర్చున్న అమ్మాయి, పిడి అనుకుని తలుపుకు అమర్చి ఉన్న చేతివాలును లాగింది. పక్కనున్న ఆమె స్నేహితురాలు చెయ్యి చాచి అసలు పిడిని లాగేసరికి, సుమారు 22 కిలోల ఆ తలుపు లోపలికి పడి, కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయిని సీటుకు అదిమేసింది. వెనుక వరుసలోని ఒక మనిషి దానిని ఎత్తి పక్కకు పెడితే తప్ప దారి తెరుచుకోలేదు. 1991లో లాస్ ఏంజిలెస్ విమానాశ్రయంలో రన్‌వే మీద రెండు విమానాలు ఢీకొన్నప్పుడు కూడా, రెక్క మీది ద్వారం పక్కన కూర్చున్న ప్రయాణికురాలు భయంతో బిగుసుకుపోతే ఇంకొకరు వచ్చి తలుపు తీయవలసి వచ్చింది. సగం ద్వారాలు మూసుకుపోయినా 90 సెకన్లలో అందరూ బయటపడగలిగేలా పెద్ద ప్రయాణికుల విమానాలను కట్టాలన్నది నియమం. ఆ 90 సెకన్లలో ఒక తలుపు దగ్గర ఒక మనిషి తడబడితే ఎన్ని సెకన్లు పోతాయో ఆలోచిస్తుంటే నా పాత కోపం కొంత జారిపోయింది.

అమెరికా 1990లో చేసిన నియమం ప్రకారం ఆ వరుసలో కూర్చునేవారికి 15 ఏళ్లు నిండి ఉండాలి, తలుపు తీసే బలం ఉండాలి, చూపూ వినికిడీ ఉండాలి, చంటిపిల్లల బాధ్యత ఉండకూడదు, సిబ్బంది ఇచ్చే సూచనలు అర్థం కావాలి. అక్కడ కూర్చోవడం ఇష్టం లేనివారు కారణం చెప్పకుండానే వేరే సీటు అడగవచ్చు. ఇందులో తప్పు పట్టవలసినది నాకు ఏమీ కనబడలేదు. పొగలో ఎవరో అరిచే ఒక్క మాట అర్థం కాకపోవడం చిన్న లోపం కాదని 2022లో ఎవరైనా నాతో అని ఉంటే వారి మీద విరుచుకుపడి ఉండేదాన్ని. ఇప్పుడు అనలేను.

అలాగని వదిలేద్దామంటే అమ్మ గుర్తుకు వచ్చింది. ఆ సీట్లను విడిగా ధర పెట్టి అమ్మని రోజుల్లో, బెంగుళూరులో తమ్ముడి దగ్గరకు వెళ్లేటప్పుడు, అమ్మకు అనుకోకుండా ఆ వరుసే పడింది. అమ్మ ఇంగ్లీషు సంగతి మీకు తెలుసు. ఎయిర్‌హోస్టెస్ తెలుగమ్మాయి కావడంతో పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "అమ్మగారూ, ముందు కిటికీలోంచి బయటికి చూడాలి, మంటగానీ పొగగానీ కనిపిస్తే తెరవకూడదు, బాగుంటేనే ఈ మూత తీసి పిడి లాగాలి, తలుపు మీ మీదికి వస్తుంది, బరువుగా ఉంటుంది, దానిని బయటికి విసిరేయాలి" అని చెప్పింది. అమ్మ అంతా విని, "విసిరితే రెక్క పాడవదా తల్లీ?" అని అడిగింది. "అప్పటికి రెక్కతో మనకు పని ఉండదండీ" అని ఆ అమ్మాయి నవ్వింది. ఆ తరువాత అమ్మ ముందు జేబులోని బొమ్మల కార్డు తీసి, దారి పొడుగునా చేతులు గాలిలో ఆడిస్తూ మూత తీయడం, పిడి లాగడం, విసరడం సాధన చేస్తూనే ఉంది. నేను సిగ్గుతో పక్కకు తిరిగి కూర్చున్నాను. కాఫీ తాగమంటే, చేతిలో గ్లాసు ఉంటే ఎలా అంది. నిద్రపొమ్మంటే, నమ్మి అప్పగించారు కదా అంది. బెంగుళూరులో దిగేముందు ఆ అమ్మాయిని పిలిచి, "ఇక నేను లేవవచ్చా?" అని అనుమతి తీసుకుని మరీ లేచింది. పొలంలో మగవాళ్లతో సమానంగా ధాన్యం బస్తాలు ఎత్తిన చేతులు అమ్మవి. ఆ రోజు ఆ విమానంలో ఆ తలుపు పక్కన అమ్మకంటే సిద్ధంగా ఉండగలిగిన మనిషి ఇంకొకరు ఉన్నారని నేను నమ్మను.

కాబట్టి నా ఫిర్యాదు ఇప్పుడు నియమం మీద కాదు, దానిని పరీక్షించే పద్ధతి మీద. అర్థం కాలేదని నిజాయితీగా ముఖం పెట్టిన మనిషిని లేపుతారు, అసలు విననే వినని మనిషి బొటనవేలును అంగీకారంగా రాసుకుంటారు. పైగా ఆ సీటును కాళ్లు చాచుకునే సౌఖ్యంగా చూపించి ముందే అదనపు డబ్బు తీసుకుని, బాధ్యత సంగతి విమానం ఎక్కాక ఎత్తుతారు. డబ్బు పోసి కొనుక్కున్నవాడు తనకు చేతకాదని ఎందుకు చెబుతాడు? 2023 మే నెలలో దక్షిణ కొరియాలో అత్యవసర ద్వారం పక్కన కూర్చున్న ఒక ప్రయాణికుడు, విమానం దిగబోతూ సుమారు 200 మీటర్ల ఎత్తులో ఉండగా తలుపు తెరిచేశాడు. ఆ తరువాత ఆ సంస్థ అదే రకం విమానాలలో అటువంటి సీట్ల అమ్మకాన్ని ఆపింది. మన దగ్గర ఆపమని కూడా నేను అడగడం లేదు. తెలుగు ఊళ్ల మధ్య తిరిగే విమానంలో తెలుగులో చెప్పి, "ముందుగా ఏం చూడాలి?" అని ఒక్క ప్రశ్న తిరిగి అడిగితే అర నిమిషం పడుతుంది. ఇయర్‌ఫోన్ల అబ్బాయి అప్పుడు ఏం చెప్పేవాడో చూడాలని నాకు చాలా కోరికగా ఉంది.

ఇంత చెప్పాక ఆయన కళ్లు తెరిచి, ఆదివారం అత్తయ్య వస్తున్నారు కదా, మోకాళ్ల నొప్పి, ఆ వరుసలోనే తీసుకుందాం, కాళ్లు చాచుకోవచ్చు అన్నారు. ఎయిర్‌హోస్టెస్ అడిగితే ఏం చెబుతారన్నాను. "అవునంటుంది, అందరూ అదే అంటారు" అన్నారు. నడవా పక్కన, ముందు నుంచి నాలుగో వరుసలో తీసుకున్నాను. ఆయనకు ఇంకా చెప్పలేదు.