షుగర్ షీట్: 180 రోజులు, 29 ఖాళీ గళ్లు

కిందటి డిసెంబరులో పరగడుపు షుగర్ 119 వచ్చింది. 100 నుంచి 125 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ, కింద లెక్క. నాన్నకు ఇరవై ఏళ్లు షుగర్ ఉండేది, దాంతో ఆయన పడిన అవస్థ అంతా చూసినవాణ్ణి. అందుకే పండగ వెళ్లిన మర్నాడు, 16 జనవరి 2025 నుంచి, రోజూ పొద్దున్నే మీటర్‌తో చూసుకుని ఆ అంకెను గూగుల్ షీట్స్‌లో ఎక్కిస్తున్నాను. ఈ 14 జూలైకి 180 రోజులు. షీట్‌లో ఏం పాడైంది, ఎలా సరిచేసుకున్నాను, చివరికి ఏం కనిపించిందో రాసి పెడుతున్నాను. ఎక్సెల్ వాడేవాళ్లకూ చాలావరకు ఇవే పనికొస్తాయి.

జనవరి

మొదట 14 కాలమ్‌లు పెట్టాను. నీళ్లు ఎన్ని గ్లాసులు, టీ ఎన్నిసార్లు, మనసు ఎలా ఉంది, ఇవన్నీ. నాలుగో రోజుకే నింపలేకపోయాను. ఐదు మాత్రం ఉంచాను: తేదీ, పరగడుపు షుగర్, రాత్రి భోజనం ముగిసిన టైము, అడుగులు, గమనిక. షీట్‌లో నేరుగా టైప్ చేయడం ఫోన్‌లో చాలా చిరాకు. ఒక గూగుల్ ఫారం చేసి దాని షార్ట్‌కట్ ఫోన్ తెర మీద పెట్టుకున్నాను. పడుకునే ముందు ఒక్కసారి నింపితే జవాబులు వాటంతటవే షీట్‌లో పడతాయి.

అక్కడే ఒక పొరపాటు చేశాను. షుగర్ ప్రశ్నను 'తప్పనిసరి' చేశాను. చూసుకోని రోజున ఏదో ఒకటి కొట్టాలి కదా అని 0 కొట్టేవాణ్ణి. ఖాళీ గడిని సగటు ఫార్ములా వదిలేస్తుంది, సున్నాను మాత్రం కలుపుకుంటుంది. ఏడు రోజుల్లో ఒక్క సున్నా ఉన్నా 112 ఉండాల్సిన సగటు 96కి పడిపోతుంది. తప్పనిసరి తీసేసి, పడిన సున్నాలన్నీ చెరిపేశాను.

ఫిబ్రవరి 13

గ్రాఫ్ గీస్తే ఫిబ్రవరిలో మొదటి 12 రోజుల చుక్కలు ఏడాది పొడవునా చెల్లాచెదురయ్యాయి. సరిగ్గా నెలకొకటి, ప్రతి నెలా 2వ తారీఖున. డిసెంబరు దాకా! జనవరి చుక్కలైతే అసలు కనిపించనే లేదు. కాసేపు తల పట్టుకున్నాక అర్థమైంది. తేదీలు చేత్తో ఎక్కించినప్పుడు షీట్ లొకేల్ (ఏ దేశపు పద్ధతి వాడాలో చెప్పే సెట్టింగ్) అమెరికాది ఉంది. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. నేను 05/02 అని కొడితే అది మే 2గా తీసుకుంది. 16/01 అంటే 16వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీగానే ఒప్పుకోకుండా ఉత్త అక్షరాలుగా ఉంచేసింది. పోల్చుకోవడం తేలికే: నిజమైన తేదీ గడిలో కుడివైపుకి ఒరుగుతుంది, అక్షరాలు ఎడమవైపుకి.

సెట్టింగ్స్‌లో లొకేల్‌ను ఇండియాకి మార్చాను. కానీ అప్పటికే తారుమారైన తేదీలు దాంతో వెనక్కి రావు. డేట్ ఫార్ములాలో నెల ఉండాల్సిన చోట రోజునీ, రోజు ఉండాల్సిన చోట నెలనీ ఇచ్చి ఆ పన్నెండూ తిప్పాను. జనవరివి మళ్లీ టైప్ చేశాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి అంకె వేయకముందే లొకేల్ చూసుకోండి.

మార్చి

రాత్రి భోజనానికీ, పొద్దున్న మీటర్ కోసం వేలికి గుచ్చుకునే సూదికీ మధ్య ఎన్ని గంటలు గడిచాయో తెలియాలి. రాత్రి 10:30కి తిని పొద్దున్న 6:30కి చూసుకుంటే 8 గంటలు. తీసివేస్తే షీట్ మైనస్ చూపించింది. షీట్ దృష్టిలో టైము అంటే రోజులో ఒక భాగం: పొద్దున్న 6 అంటే 0.25, రాత్రి 10:30 అంటే 0.9375. అర్ధరాత్రి దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలు. తీసివేతను మాడ్ ఫార్ములాలో (భాగిస్తే మిగిలే శేషాన్ని ఇచ్చేది) పెట్టి రెండో విలువగా 1 ఇస్తే సరిపోయింది. ఆ కాలమ్ ఫార్మాట్‌ను 'డ్యూరేషన్'కి మార్చుకోవాలి.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది, దాన్ని రెండు వారాలు గుర్తించలేదు. ఒక వరుసలో ఉండేవి ఆ రోజు పొద్దున్న షుగర్, ఆ రోజు రాత్రి భోజనం. ఇవాళ రాత్రి తిన్నది ఇవాళ పొద్దున్న షుగర్‌ని పెంచదు కదా! రాత్రి భోజనాన్ని మర్నాటి అంకెతో జత చేయాలి. ఒక వరుస కిందికి జరిపితే చాలనుకున్నాను. కానీ ఫారం నింపని రోజుకు వరుసే ఉండదు, కాబట్టి జరిపినచోట సోమవారం కాస్తా శనివారంతో జత కడుతుంది.

అందుకని ఇంకో ట్యాబ్ తెరిచి, సీక్వెన్స్ ఫార్ములాతో 16 జనవరి నుంచి ఒక్క రోజూ వదలకుండా తేదీలు పరిచాను. ఇచ్చిన తేదీని వెతికి దాని ఎదుట ఉన్న విలువను తెచ్చే ఎక్స్‌లుకప్ ఫార్ములాతో ఆ తేదీ షుగర్‌ని ఒక కాలమ్‌లోకీ, తేదీలోంచి 1 తీసేసి ముందు రాత్రి భోజనం టైముని పక్క కాలమ్‌లోకీ తెచ్చుకున్నాను. లెక్కలన్నీ ఇప్పుడు ఈ ట్యాబ్‌లోనే. ఫారం జవాబులు పడే ట్యాబ్‌ని ముట్టుకోను.

ఏప్రిల్ 19

ల్యాబ్‌లో హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చేయిస్తే 6.4. ప్రీడయాబెటిస్‌కి అదే పై హద్దు. 28.7తో గుణించి 46.7 తీసేస్తే సగటు గ్లూకోజ్ వస్తుంది: 137. నా షీట్ సగటు 113. హెచ్‌బీఏ1సీలో రెండు మూడు నెలల షుగర్, తిన్న తర్వాత పెరిగేది కూడా కలిసి ఉంటుంది, పరగడుపు అంకె దానికంటే తక్కువే ఉండొచ్చు. అయినా 24 తేడా నాకు మింగుడుపడలేదు.

మీటర్ మీద అనుమానంతో ఒకే వేలి నుంచి వెంటవెంటనే రెండుసార్లు చూస్తే 118, 109. మీటర్ల ప్రమాణం ఐఎస్ఓ 15197 ప్రకారం 100, ఆ పైన ఉన్నప్పుడు ల్యాబ్ విలువకు 15 శాతం అటూఇటూ ఉండొచ్చు. అంటే నిన్న 112, ఇవాళ 119 వస్తే అది పెరిగినట్టు కాదు. అప్పటినుంచి రోజు అంకెను చూసి కంగారు పడటం మానేసి ఏడు రోజుల మధ్యగతం (అంకెల్ని చిన్న నుంచి పెద్దకు పేరిస్తే నడుమ వచ్చేది) చూస్తున్నాను. ఏడింటిలో కనీసం నాలుగు ఉంటేనే చూపించేలా కౌంట్ ఫార్ములాతో షరతు పెట్టాను.

మే 18

మామిడిపండు కోసి, చేయి తుడుచుకుని చూస్తే 171. సబ్బుతో కడుక్కుని చూస్తే 116. వేలికంటిన పండు రసం చేసిన పని. 116 ఉంచి, 171ని గమనికలో రాశాను. అంకెల్ని ఊరికే చెరిపేస్తూ పోతే షీట్ మన మాటే మనకు వినిపిస్తుంది.

మే 25

ఆ రోజు మా ఆవిడకు గ్రాఫ్ చూపించాను. చక్కగా ఒకే గీత. కాసేపు చూసి, "ఆదివారం మీ చెల్లెలింటికి వెళ్లొచ్చిన మర్నాడు ఒక్కసారన్నా సూది పట్టుకున్నారా మీరు?" అంది.

గ్రాఫ్‌లో అది తెలియదు. ఖాళీల మీదుగా గీత కలిపే ఆప్షన్ నేనే పెట్టాను. నాన్న ఏం చేసేవారో అప్పుడు గుర్తొచ్చింది. గోడ మీది క్యాలెండర్‌లో, పాల లెక్క పక్కనే, ఆ రోజు గడిలో షుగర్ అంకె నీలి పెన్నుతో వేసేవారు. వేయని రోజు గడి ఖాళీగా కళ్లెదుట ఉండేది.

షీట్‌నీ అలాగే పరిచాను. ఏడు కాలమ్‌లు సోమ నుంచి ఆది దాకా ఏడు రోజులు, ఒక్కో వరుస ఒక్కో వారం. కలర్ స్కేల్‌తో 100 దగ్గర ఆకుపచ్చ, 140 దగ్గర ఎరుపు. ఖాళీకి ముదురు బూడిద. సోమవారం కాలమ్ పై నుంచి కింది దాకా బూడిద మచ్చలే. మే చివరికి 19 సోమవారాలు గడిస్తే 11 ఖాళీ. మంగళ నుంచి ఆది దాకా మిగతా ఆరు కాలమ్‌లకూ కలిపి ఇవాళ్టివరకు 18 ఖాళీలు. ఎక్కువ వస్తుందని తెలిసిన రోజునే నేను చూసుకోలేదు. సగటు 113 అంటే మంచి రోజుల సగటు.

జూన్, జూలై

2 జూన్ నుంచి ఏది మానినా సోమవారం మాత్రం మానలేదు. వరుసగా: 141, 133, 128, 131, 122, 125, 117. మధ్యగతం 128. ఇదే కాలంలో మిగతా రోజులది 111. సోమ, మంగళ అని రోజు పేరుని వరుసల్లో పెట్టి పివట్ టేబుల్ (అంకెల్ని గుంపులుగా కూర్చి చూపే పట్టిక) చేస్తే ఒక్క చూపులో తెలుస్తుంది, సమ్మరైజ్ దగ్గర మీడియన్, అంటే మధ్యగతం, ఎంచుకోవాలి.

భోజనానికీ సూదికీ మధ్య 9 గంటల లోపున్న రోజుల సగటు 121, పదిన్నర గంటలు దాటిన రోజులది 110. ఆలస్యమే కారణమని దీన్నిబట్టి చెప్పలేను. చెల్లెలింట్లో రాత్రి పదిన్నరకు కూర్చుంటే ఆలస్యం, రెండోసారి అన్నం, ఆఖర్న స్వీటు, మూడూ కలిసే వస్తాయి. వీటిని విడదీయాలంటే ఒకసారికి ఒక్కటే మార్చాలి. ముందుగా టైము మార్చాను. విషయం చెబితే చెల్లెలు, "ముందే చెప్తే ఏడున్నరకే వడ్డించేదాన్ని కదా అన్నయ్యా" అంది. పై వరుసలో ఆఖరి మూడు సోమవారాలూ ఏడున్నర భోజనం తర్వాతివి. మూడుతో ఏమీ తేల్చను, ఆగస్టు దాకా ఇలాగే సాగిస్తాను, అన్నమూ స్వీటూ ఎప్పటిలాగే ఉంచి.

ప్రతి నెలా 1న షీట్‌ని సీఎస్‌వీగా (అంకెలు మాత్రమే ఉండే సాదా ఫైలు) దించి పెన్‌డ్రైవ్‌లో వేస్తున్నాను. షేరింగ్ ఇంకెవరికీ లేదు, మా ఆవిడకు తప్ప. సోమవారం పొద్దున్నే ఆమె ఫోన్‌లో ఆ గడి చూస్తుంది.