ఆమెకు తినడానికి పెట్టండి

మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాజమందిరపు అధికారి యాయీరు కూతురికి పన్నెండేళ్ళు. మన లెక్కలో ఏడో తరగతి పిల్ల. ప్రభువైన యేసు చనిపోయిన ఆ పిల్ల చెయ్యి పట్టుకుని "తలీతాకుమీ" అన్నాడు. "చిన్నదానా, నీతో చెప్పుచున్నాను లెమ్ము" అని దానర్థం. ఈ 41వ వచనం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. కానీ ఇంకో రెండు వచనాలు చదవాలి. పిల్ల లేచి నడిచింది. సంగతి ఎవరికీ తెలియకూడదని ఆయన గట్టిగా చెప్పాడు. ఆమెకు ఆహారం పెట్టమన్నాడు. శ్రీకాకుళం, విజయనగరం పల్లె సంఘాల్లో ఎదిగే ఆడపిల్లల్ని విశ్వాసంలో నడిపించే అక్కలు, వాళ్ళకి తోడుగా సముద్రాలు దాటి వచ్చే మిషనరీ సోదరీలు ఈ వాక్యభాగాన్ని నెమ్మదిగా చదువుకోవాలి.

ముందు ఆ గదిని చూడండి. ఏడ్చేవాళ్ళని బయటికి పంపినవాడు తల్లిదండ్రుల్ని మాత్రం లోపలే ఉంచాడు. శిష్యులు పేతురు, యాకోబు, యోహాను కూడా లోపలే ఉన్నారు. తలుపు మూసి ఒక పిల్లతో ఒంటరిగా ప్రార్థన చేయడం ఎంత మంచి మనసుతో చేసినా తప్పే. వాక్యం చదువుకునే ఆడపిల్లల గుంపుకి ఆరుగురో ఎనిమిదిమందో చాలు. పెద్దవాళ్ళు ఇద్దరుండాలి, ఇద్దరూ ఆడవాళ్ళే అయ్యుండాలి, తలుపు తీసి ఉండాలి. పన్నెండు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళని పదిహేను దాటినవాళ్ళతో కలపకండి, పెద్దపిల్లల ముందు చిన్నవాళ్ళు నోరు విప్పరు. అమ్మానాన్నల అనుమతి కాగితం మీద తీసుకోండి. నాన్న చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళుంటే ఫోన్ చేసి అడగండి, మామ్మ సరేనంది కదా అని ఊరుకోకండి. క్రైస్తవులు కాని ఇంటి పిల్ల అయితే ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

పై దేశం నుంచి వచ్చే సోదరీకి ఒక మాట. పర్యాటక వీసా మీద వచ్చినవాళ్ళు ఆరాధనలో కూర్చోవచ్చు గానీ బోధించకూడదు. దానికి మిషనరీ వీసా వేరే ఉంది. ఇక అనువాదకుడిగా పాస్టరుగారి అబ్బాయిని నిలబెడితే పిల్లలు తలెత్తరు, అనువాదం ఆడమనిషే చేయాలి. ఇరవై నిమిషాల మాటకి నలభై నిమిషాలు పడుతుందని ముందే లెక్కేసుకుని సగం తగ్గించుకోండి. అన్నిటికంటే ముఖ్యం, పిల్ల మనసు మీకు కాదు, ఊళ్ళోని అక్కకి దగ్గరవ్వాలి. మూడు నెలలకి మీరు విమానం ఎక్కేస్తారు. ఆ మర్నాడు ఏడ్చే పిల్లని ఓదార్చేది ఆవిడే.

మన ప్రాంతంలో ఈ పాఠం పాతదే. లండన్ మిషనరీ సొసైటీ నుంచి 1805లో విశాఖపట్నం వచ్చిన అగస్టస్ డె గ్రాంజ్, ఆనందరాయర్ అనే విశ్వాసి సాయంతో సువార్తల్ని తెలుగు చేశాడు. 1810లో ఆయన చనిపోయాడు. పుస్తకం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. వచ్చినవాడు పోయినా మాట ఇక్కడ నిలిచింది.

మాట అంటే గుర్తొచ్చింది. మార్కు రాసింది గ్రీకులో, అయినా "తలీతాకుమీ"ని ఆ పిల్ల ఇంటి భాషలోనే ఉంచేశాడు. మన అమ్మ అయితే "అమ్మీ, లే" అని లేపుతుంది, అంత దగ్గరి మాట అది. కాబట్టి వాక్యాన్ని బైబిల్లో ఉన్నట్టే రెండుసార్లు చదివించి, పుస్తకం మూయించి, "ఇప్పుడు మీ చెల్లికి చెప్పినట్టు చెప్పు" అనండి. సీతంపేట వైపు పిల్లయితే సవరలో చెప్పనివ్వండి, ఇచ్ఛాపురం పిల్లయితే ఒడియాలో. "ఏం నేర్చుకున్నావు?" అని అడిగితే "ప్రార్థన చేయాలి, వాక్యం చదవాలి" అని అప్పజెప్పేస్తారు. "ఈ కథలో ఎవరి పక్కన నిలబడతావు?" అనడిగి నిమిషంపాటు మాట్లాడకుండా ఉండండి. ఆ నిమిషం బరువుగా ఉంటుంది. అక్క తొందరపడి జవాబు అందించేస్తుంది, అక్కడే పాఠం చెడుతుంది.

ఇదే అధ్యాయంలో, యాయీరు ఇంటికి వెళ్ళే దారిలో, పన్నెండేళ్ళుగా రక్తస్రావంతో బాధపడిన స్త్రీ ఉంది. పిల్ల వయసెంతో ఆవిడ బాధ వయసంతే. నెలసరి రోజుల్లో బైబిలు ముట్టకుండా, ప్రభువు బల్లకి రాకుండా వెనక చాప మీద ఒదిగి కూర్చునే పిల్లలు మన సంఘాల్లో ఉన్నారు. ఎవరూ వద్దనకపోయినా ఇంట్లో చూసిందే గుడికీ తెచ్చుకుంటారు. తన వస్త్రం ముట్టుకున్న ఆవిడని ప్రభువు కసరలేదు. "కుమారీ" అని పిలిచాడు. ఈ భాగాన్ని ఏడాదికి ఒక్కసారైనా మగవాళ్ళు లేనిచోట చదివించి, ఆ ఒక్క పిలుపు దగ్గర ఆగండి. వాడిన ప్యాడ్లు పడేయడానికి గుడి మరుగుదొడ్డిలో మూతున్న డబ్బా పెట్టడం కూడా ఈ పాఠంలో భాగమే. అది లేకే చాలామంది ఆ ఆదివారం రారు.

"ఎవరికీ చెప్పకండి" అన్నాడు ప్రభువు. మనం దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తాం. పిల్ల కన్నీళ్ళు పెట్టుకున్న ప్రార్థన ఫోటో సాయంత్రానికి విదేశంలో విరాళాలిచ్చేవాళ్ళ ఫోన్లో ఉంటుంది. పదిహేనేళ్ళ వయసులో చెప్పించిన సాక్ష్యం పెళ్ళిచూపుల్లో ఎదురొస్తుంది. ఫోటో వద్దు, పేరు వద్దు, స్టేజీ మీద సాక్ష్యం వద్దు. అలాగని "ఎవరికీ చెప్పను" అని ఒట్టూ వేయకండి. "నీ మాట నలుగురిలో పెట్టను. నీకు ప్రమాదం ఉందంటే మాత్రం కాపాడగలవాళ్ళకి చెప్తాను" అని మొదటిరోజే చెప్పండి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్ల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. చేసినవాడు సంఘపెద్ద అయినా అంతే. "సంఘంలోనే సర్దుకుందాం" అన్నవాళ్ళ మాట వినకండి. చిన్నవయసు పెళ్ళి కుదిర్చినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు.

పిల్ల లేచి నడిచిందని ఉంది. పదో తరగతి అవగానే మన పిల్లలు విశాఖపట్నం హాస్టళ్ళకి వెళ్ళిపోతారు. అక్కడ ఫోను దొరకదు, అక్క ఉండదు. అందుకే ఆఖరి ఆరు నెలలు ప్రార్థన పిల్ల చేత చేయించండి, భాగం ఆమెనే ఎంచుకోనివ్వండి, తప్పు చెప్పినా మధ్యలో అందుకోకండి.

ఇక ఆహారం. చావు నుంచి లేచిన పిల్లకి ఆకలేస్తుందని గుర్తుపెట్టుకున్నది ప్రభువే. మనమేమో శుక్రవారం ఉపవాస ప్రార్థనకి పన్నెండేళ్ళ పిల్లల్నీ కూర్చోబెడతాం. పెరిగే వయసు, నెలసరి, రక్తం తక్కువ. కళ్ళు తిరిగి పడిపోతే దాన్ని ఆత్మ కార్యం అనుకున్న చోట్లూ ఉన్నాయి. ఎదిగే పిల్లలకి ఉపవాసం పెట్టకండి. బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర పరగడుపున వేసుకుంటే కడుపు తిప్పుతుంది, అందుకే పారేస్తారు. భోజనం చేశాక వేసుకోమనండి.

ఆదివారం గుంపు మొదలయ్యే ముందు చోడి (రాగి) అంబలి ఇవ్వండి. ఎనిమిదిమందికి వంద గ్రాముల చోడి పిండి సరిపోతుంది. రాత్రే రెండు గ్లాసుల చల్లటి నీళ్ళలో జారుగా కలిపి మూతపెట్టాలి. పొద్దున్న ఐదు గ్లాసుల నీళ్ళు మరిగించి, ఉప్పేసి, ఈ పిండినీళ్ళు సన్నగా పోస్తూ కలపాలి. పొడి పిండిని మరిగే నీళ్ళలో వేశారా, ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. సన్నసెగ మీద పది నిమిషాలు అడుగంటకుండా తిప్పి దించాలి. బాగా చల్లారాకే మజ్జిగ పోయాలి, వేడి మీద పోస్తే విరిగిపోతుంది. పక్కన ఉల్లిపాయ ముక్క, తలా ఒక ఉడికించిన గుడ్డు. గ్లాసులు ఖాళీ అయ్యాక బైబిళ్ళు తీయించండి.