అర్జీ రాయడం రాని ఎం.ఏ.

పొలిటికల్ సైన్స్ అంటే మా ఇంట్లోవాళ్లకి ఇప్పటికీ గ్రూప్స్ కోచింగ్‌కి ముందు కాలక్షేపమే. పంచాయతీల గురించిన రాజ్యాంగ 73వ సవరణ, 11వ షెడ్యూలు, అందులోని 29 అంశాలు, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి. డిగ్రీలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది కదా, ఊళ్లో ఇంటింటికీ తిరిగి సర్వే చెయ్యాలి, మా బ్యాచ్‌లో సగం మంది ఆ ఫారాలు హాస్టల్ గదిలో మిర్చి బజ్జీలు తింటూ నింపేశారు. ఆ సగంలో నేనూ ఉన్నా, అబద్ధం ఎందుకు.

ఎం.ఏ.కి వచ్చాక మా సారు ఒక సోమవారం మమ్మల్ని నలుగుర్ని గుంటూరు కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి పంపారు. రాయడం రానివాళ్లకి అర్జీలు రాసిపెట్టాలి, అదే అసైన్‌మెంట్. నాకు మొదట దొరికింది ఒక మామ్మగారు, చేతిలో ప్లాస్టిక్ కవరు, దాన్నిండా మడతలు నలిగిపోయిన కాగితాలు. భర్త పోయి నాలుగేళ్లయింది, ఎకరం చిల్లర పొలం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. "రాయి నాయనా" అని మొదలుపెట్టి మరిదితో గొడవ, ఎండిపోయిన బోరు, కూతురి పెళ్లి, అన్నీ చెప్పింది. నేనూ అన్నీ రాశా. మూడు పేజీలు.

చెట్టు కింద బల్లేసుకుని డబ్బులకి అర్జీలు రాసే పెద్దాయన నా కాగితాలు అడిగి తీసుకుని చదివి నవ్వాడు. "బాబూ, ఇది చుట్టాలకి రాసే ఉత్తరంలా ఉంది. సర్వే నంబరేది? మీసేవలో ముందే పెట్టిందా? రసీదేది?" రసీదు ఆ కవర్లోనే అడుగున ఉంది, నేనే అడగలేదు. ఆయన ఏడు లైన్లలో తేల్చేశాడు: పేరు, ఊరు, సర్వే నంబరు, దరఖాస్తు పెట్టిన తేదీ, రసీదు నంబరు, తహసీల్దారు చెయ్యాల్సిన పని, సంతకం. మరిదీ లేడు, బోరూ లేదు. ఆవిడ బతుకంతా కలిపి ఆఫీసులో రెవెన్యూ కింద ఒక్క దరఖాస్తు అన్నమాట, నా నోట్సులో ఈ ముక్క ఎక్కడా లేదు.

జూనియర్లు ఇంటర్న్‌షిప్ ఎక్కడ చెయ్యాలన్నా అని అడుగుతున్నారు. ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసే ఢిల్లీ థింక్ ట్యాంకులకి మెయిల్స్ పెట్టుకోండి, వద్దనను. ఈలోపు మీ ఊరి పంచాయతీకే ఒక సమాచార హక్కు దరఖాస్తు పడేయండి. మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకి గడువు 30 రోజులు. నేను మొదటిసారి "వీధి లైట్లు ఎందుకు వెలగడం లేదు" అని అడిగా, ఇది సమాచారం కిందికి రాదని ఒక్క లైను జవాబొచ్చింది. తిట్టుకున్నా గానీ వాళ్లన్నది నిజమే, చట్టం ఇప్పించేది రికార్డులో ఉన్నదాన్ని, మన 'ఎందుకు'లకి జవాబులు కాదు. రెండోసారి ఫలానా ఏడాది లైట్ల బిల్లుల నకళ్లు ఇవ్వండి అన్నా, ఇచ్చారు.

ఉపాధి హామీ పనుల లెక్కల్ని జనం ముందు తేల్చే సామాజిక తనిఖీలో మండలంలో పెట్టే బహిరంగ సభ, ప్రజావేదికకి కూడా ఒకసారి వెళ్లొచ్చా. మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, చదువుతుంటే ఎవరి పేరు దగ్గర ఎవరు తలదించుకుంటారో అక్కడే చూడాలి. వెలగపూడి అసెంబ్లీ గ్యాలరీకి పాసు దొరికితే వెళ్లండి, దొరక్కపోతే టెన్షన్ పడకండి, అది టీవీలోనూ వస్తుంది.

అన్నట్టు మామ్మగారి సంగతి. అర్జీ ఇచ్చాక ఇంకో రసీదు చేతికొచ్చింది. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి అదే కవర్లో అడుక్కి తోసి, బస్సెక్కడ ఆగుద్దని నన్నడిగింది.