నలుగురి పేర్లే రాశాను

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో పనిచేసే టీచర్లకి క్యాలెండర్ అక్కర్లేదు. హాజరుపట్టీ చూస్తే ఏ నెలో తెలిసిపోతుంది. దసరా దాకా తరగతి నిండుగా ఉంటుంది. పత్తి తీతలు మొదలయ్యేసరికి పలచబడుతుంది. మిరప కోతలకి గుంటూరు వైపు బండ్లు కదిలాయంటే సగం బెంచీలు ఖాళీ. ఇలా కోత కూలికి వలస పోవడాన్ని ఇక్కడ సుగ్గి అంటారు. "మా అమ్మోళ్ళు సుగ్గికి పోయినారు టీచర్" అని చెప్పే పిల్లలు అవ్వ దగ్గర ఉన్నవాళ్ళు. చెప్పకుండా మాయమైనవాళ్ళు అమ్మానాన్నలతో వెళ్ళిపోయినవాళ్ళు.

నేను మండల పరిషత్ ప్రాథమిక (ఎంపీపీ) స్కూల్లో సెకండరీ గ్రేడ్ టీచర్ని (ఎస్జీటీ). మూడేళ్ళ కిందట నా ఐదో తరగతిలో 23 మంది. వాళ్ళలో నలుగురితో నవోదయ పరీక్ష రాయించాను. ఆ అనుభవం ఇది. పిల్లలు ఇంకా చదువుకుంటున్నారు కాబట్టి పేర్లు రాయను.

ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో జవహర్ నవోదయ విద్యాలయం ఉంది. మా ఊళ్ళలో "బనవాసి సీటు" అంటే చాలు. ఆరు నుంచి పన్నెండు దాకా చదువు, తిండి, బట్టలు, పుస్తకాలు, పడక, అన్నీ అక్కడే. ముఖ్యమంత్రిగా 1971లో సర్వేల్‌లో తొలి గురుకులం తెరిపించిన పీవీ నరసింహారావే, కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు 1986 జాతీయ విద్యా విధానంతో పాటు ఈ నవోదయలు వచ్చాయి. ఇప్పుడు దేశంలో 650కి పైగా ఉన్నాయి. తమిళనాడులో మాత్రం ఒక్కటీ లేదు. ఒక్కో బడిలో ఆరో తరగతికి 80 సీట్లు. కనీసం 75 శాతం పల్లె పిల్లలకి, మూడో వంతు ఆడపిల్లలకి. ఐదో తరగతి చదివే ఏడాదే రాయాలి. రెండోసారి రాయనివ్వరు.

దరఖాస్తుకి రుసుము లేదు, పని మాత్రం ఉంది. హెడ్మాస్టరు సంతకం, ముద్ర ఉన్న ధ్రువపత్రం, పిల్లవాడి ఫోటో, పిల్లవాడి సంతకం, తండ్రిదో తల్లిదో సంతకం, అన్నీ స్కాన్ చేసి ఎక్కించాలి. ఆధార్‌లో పుట్టినరోజు ఒకటి, బడి రిజిస్టర్‌లో ఒకటి ఉన్న పిల్లలు మా దగ్గర చాలామంది. 23 మందికీ చేయడం నావల్ల కాదనుకున్నాను. ఒక మధ్యాహ్నం తెలుగు వాచకం తెరిచి ఒక్కొక్కరి చేత ఒక పేరా చదివించాను. తడుముకోకుండా చదివింది నలుగురు. ప్రశ్నే చదవలేనివాళ్ళు పరీక్ష ఏం రాస్తారు అనుకుని ఆ నలుగురి పేర్లే రాశాను. గంటలో తేలిపోయింది.

ఆ మర్నాటి నుంచి నలుగురూ ముందు బెంచీకి వచ్చారు. బడి మొదలయ్యే ముందు ఒక గంట, మధ్యాహ్నం భోజనం తర్వాత ఇంకో గంట వాళ్ళకే. మిగతా 19 మందికి చూచిరాత, ఎక్కాలు. అల్లరి చేయకుండా కూర్చుంటే చాలన్నట్టు ఉండేదాన్ని. ఎమ్మిగనూరులో ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించాను, ఓఎంఆర్ జవాబుపత్రంలో గళ్ళు బాల్‌పెన్నుతో దిద్దడం నేర్పాను. ఇంత శ్రద్ధగా ఎప్పుడూ పనిచేయలేదని నాకే అనిపించింది.

ప్రశ్నపత్రం సంగతి కొంచెం చెప్పాలి, నా తప్పు ఉన్నది అక్కడే. మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. లెక్కలు 20 ప్రశ్నలు, భాష 20. మిగిలిన 40 ప్రశ్నలు, అంటే 50 మార్కులు, మేధాశక్తి పరీక్ష. అదంతా బొమ్మలే. నాలుగు బొమ్మల్లో తేడాగా ఉన్నదేది, వరుసలో తర్వాత వచ్చేదేది, అద్దంలో ఎలా కనిపిస్తుంది, పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మ ఏది, ఇలాంటివి. అక్షరంతో దాదాపు పనే లేదు. ఇది నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసి కూడా వాచకం చదివించి పిల్లల్ని ఏరాను.

నవంబరులో ఒక రోజు కాగితం మడత ప్రశ్న చెబుతున్నాను. కాగితాన్ని రెండుసార్లు మడిచి చిల్లు పొడిస్తే, విప్పినప్పుడు చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయి? ముందు బెంచీలో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. వెనక నుంచి ఒక పిల్ల లేచి, "నాలుగు ఉంటాయి టీచర్. మూలలకి కాదు, నడుమకి దగ్గరగా" అంది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివే పిల్ల. పద స్థాయి, అంటే విడి పదాల దాకే చదవగలదు అని రిజిస్టర్‌లో నేనే రాసుకున్న పిల్ల. ఎట్లా తెలిసిందే అంటే, "మా చిన్నాయన పెళ్ళిళ్ళకి రంగుకాగితాలు కత్తిరిస్తాడు, నేనే మడిచి ఇస్తా" అంది.

సాయంత్రం ఆ పిల్లని ఉంచి 40 బొమ్మల ప్రశ్నలూ ఇచ్చాను. 33 సరిగ్గా పెట్టింది. నా నలుగురిలో ముందున్న పిల్లవాడికి అప్పటికి 27 వస్తున్నాయి. ఆన్‌లైన్ గడువు సెప్టెంబరులోనే ముగిసింది. మరుసటి ఏడాది ఆ పిల్ల ఆరో తరగతికి పోతుంది. దారి లేదు.

రాత్రి నిద్రపట్టలేదు. ప్రభుత్వం పదేళ్ళ వయసులో పిల్లల్ని వడపోయడం న్యాయమా కాదా అని స్టాఫ్‌రూముల్లో వాదించుకుంటాం. ఆ వడపోత కంటే ముందు నేను ఇంకో వడపోత పెట్టాను. నవోదయ పరీక్షకైనా ఒక పద్ధతి ఉంది, దేనికెన్ని మార్కులో ముందే చెబుతారు. నా దానికి అదీ లేదు. ఒక పేరా, ఒక మధ్యాహ్నం.

ఆ పిల్లనీ ముందు బెంచీకి తెచ్చాను. చదువు నేర్పడం మొదలుపెట్టాను. డిసెంబరులో వాళ్ళ ఇల్లు కూడా సుగ్గికి సిద్ధమైంది. ఇంటికెళ్ళి, పిల్లని అవ్వ దగ్గర వదిలి వెళ్ళమని వాళ్ళమ్మని అడిగాను. మూటలు కడుతూనే మాట్లాడింది. "ఆ నలుగురికి పరీక్ష ఉండాది, వాళ్ళోళ్ళు పెట్టిపోయిరి. మా పిల్లకి పరీక్ష లేదు కదా మేడం. ఏమిటికని వదిలిపోవాల?"

నా దగ్గర జవాబు లేదు. పరీక్ష ఉన్న పిల్లలకే ఊళ్ళో ఉండే హక్కు వచ్చింది. ఆ పిల్ల వెళ్ళిపోయింది.

జనవరిలో ఒక శనివారం పరీక్ష. నలుగుర్నీ ఆటోలో తీసుకెళ్ళాను. ఉదయం పదకొండున్నరకి మొదలు. బయట వేపచెట్ల కింద తల్లిదండ్రులు, పక్కన ప్రైవేటు బడుల వ్యాన్లు. పేరు పల్లె బడిలో ఉండి, ఏడాదంతా టౌన్లో కోచింగులో ఉన్న పిల్లలు కూడా ఉన్నారని అక్కడి మాటల్లో తెలిసింది. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్ళ నాన్నలూ అప్పు చేసే పంపారు. కానీ నా నలుగురూ, వాళ్ళూ ఒకే పల్లె కోటాలో పోటీపడటం చూస్తే కడుపు తరుక్కుపోయింది.

మార్చిలో ఫలితాలొచ్చాయి. నలుగురిలో ఒక అమ్మాయికి సీటు.

అసలు పరుగు తర్వాత మొదలైంది. పుట్టిన తేదీ పత్రం, నివాస పత్రం, మూడు నాలుగు ఐదు తరగతులు పల్లెలోనే చదివిందన్న పత్రం, ఆరోగ్య పత్రం, టీసీ. అన్నిటికంటే తిప్పలు పెట్టింది కులపత్రం. వాళ్ళు బోయలు, రాష్ట్రంలో బీసీ-ఏ. నవోదయకి ఆ పత్రం చాలదు, కేంద్రం నమూనాలో ఓబీసీ పత్రం కావాలి. మండల ఆఫీసులో మొదటిసారి రాష్ట్రం నమూనాలోనే ఇచ్చి పంపారు. రెండోసారి సంతకం పెట్టేవాళ్ళు లేరు. మూడోసారి నేను సెలవు పెట్టి నమూనా కాగితం చేతిలో పట్టుకుని వెళితే పని జరిగింది. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఫలితాల దాకా ఆగొద్దు. దరఖాస్తు పెట్టిన వారంలోనే ఓబీసీ పత్రానికి కూడా పెట్టేయండి.

ఇంకో కాగితం దగ్గర వాళ్ళమ్మ ఆగిపోయింది. తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లల్ని ఏడాదిపాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకి పంపుతారు, అందుకు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాలి. "అంత దూరం ఆడపిల్లనా?" అంది. తండ్రి కాసేపు ఆగి, "మనం గుంటూరుకి తోలుకపోతే కూలికే కదా. అది సదువుకి పోతాది" అని పెట్టేశాడు.

మా స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసేచోట, ఒక సీనియర్ సారు అన్నారు, "మంచి పిల్లల్ని నవోదయ ఒకవైపు, గురుకులాలు ఒకవైపు ఏరుకుపోతే మన బడికి ఏం మిగులుతుందమ్మా?" ఆయన బాధ అబద్ధం కాదు. అయినా ఏడేళ్ళు సుగ్గి లేని చదువు సీటొచ్చిన ఆ పిల్లకి వద్దని నేను ఏ నోటితో అనను? అలాంటి బడి 80 మందికే ఎందుకు అని అడగాలి. సుగ్గి మండలాల్లో ప్రతి ఊరి పిల్లకీ హాస్టలు, మూడుపూటలా తిండి ఉంటే ఏరుడు గొడవే ఉండదు.

వెనక బెంచీ పిల్ల ఏప్రిల్‌లో తిరిగొచ్చింది, చేతులు మిరప ఘాటుకి పొక్కిపోయి. జూన్‌లో హైస్కూల్లో చేరింది. అక్కడ మొదటి వారంలోనే చదివించి చూసి ఏ, బీ సెక్షన్లు చేశారు. ఆమెకి బీ వచ్చింది. నేను వెళ్ళి అడిగితే, "స్థాయిని బట్టి పెట్టాం మేడం, టార్ల్‌లో మీరూ చేస్తారు కదా" అన్నారు. చేస్తాం. టార్ల్ అంటే పిల్లల్ని చదివే స్థాయిని బట్టి గుంపులు చేసి నేర్పడం. కానీ అందులో అక్షరం గుంపు, పదం గుంపు, కథ గుంపు రోజులో ఆ ఒక్క పీరియడుకే. పిల్ల పైకి రాగానే గుంపు మారుస్తాం, మిగతా రోజంతా అందరూ కలిసే ఉంటారు. సెక్షన్ అలా కాదు. బీ సెక్షన్ పిల్లకి లెక్కలు కూడా బీ సెక్షన్ లెక్కలే, స్నేహాలు కూడా బీ సెక్షన్ స్నేహాలే. ఆ ఏడాది బీ నుంచి ఏకి మారినవాళ్ళు ఒక్కరూ లేరు.

మరుసటి ఏడు నా ఐదో తరగతిలో 21 మంది. పుట్టిన తేదీ లెక్కకి సరిపోని ఇద్దర్ని తప్పించి 19 మందికీ దరఖాస్తు పెట్టాను. మూడు ఆదివారాలు పట్టింది. ఎవరికీ సీటు రాలేదు. కానీ ఆ డిసెంబరులో "పరీక్ష ఉండాది" అని పదకొండు ఇళ్ళు పిల్లల్ని అవ్వల దగ్గర వదిలి వెళ్ళాయి. అప్పటినుంచీ ప్రతి ఏడూ అందరికీ పెడుతున్నాను.

ఆ వెనక బెంచీ పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి. శనివారం సాయంత్రాలు మా బడికొచ్చి ఐదో తరగతివాళ్ళకి కాగితం మడతలు చెబుతుంది. నవోదయలో మిగిలిన సీట్లకి తొమ్మిదో తరగతిలో చేరడానికి ఇంకో పరీక్ష ఉంటుంది. అందులో బొమ్మలు ఉండవు. లెక్కలు 35, సైన్సు 35, ఇంగ్లీషు 15, హిందీ 15. సీట్లు ఎన్ని ఉంటాయో, ఉంటాయో ఉండవో. తను ఇప్పుడు కథ స్థాయి దాటి చదువుతోంది, హిందీ ఇద్దరం కలిసి నేర్చుకుంటున్నాం. ఫారం నింపేశాం. పరీక్ష సుగ్గి రోజుల్లోనే పడుతుంది.

మొన్న వాళ్ళమ్మ బడి గేటు దగ్గర ఆపి అడిగింది. "తేదీ ఎప్పుడో చెప్పు మేడం. పిల్లని అవ్వకాడ పెట్టి పోతాం."