ఏ గడిలో రాయాలి?

"అంబాజ్. ఏడు రోజులూ అదే తిన్నాం."

సుడాన్ యుద్ధంలో చిక్కుకున్న అల్‌ఫాషర్ నగరం నుంచి పిల్లలతో నడిచి మొన్న తవీలా పట్టణం చేరిన తల్లి ఫోన్‌లో చెప్పిన మాట. సహోద్యోగి అరబిక్‌లో అడుగుతున్నాడు, నేను పక్కన కూర్చుని, ఇంట్లో తిండి ఎలా ఉందో మార్కుల్లో లెక్కగట్టే సర్వే ఫారం నింపుతున్నాను.

అంబాజ్ అంటే నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క. మా అమ్మ రాత్రే నానబెట్టి పొద్దున్నే గేదె కుడితిలో కలిపేది.

గత 7 రోజుల్లో ఏం తిన్నారన్నది ప్రశ్న. ధాన్యం, పప్పులు, పాలు, మాంసం... ఇలా గడులు. వేరుశనగ పప్పుల కిందికి వస్తుంది, రోజుకు 3 మార్కులు. వారానికి 21. జొన్న సంకటి మాత్రమే తిన్నవాళ్లకు రోజుకు 2 చొప్పున 14. అక్కడ టిక్కు పెడితే, పశువుల మేత తిన్న తల్లి జొన్న తిన్నవాళ్లకంటే నయంగా ఉన్నట్టు లెక్క తేలుతుంది. చెయ్యి ఆడలేదు.

ఆ గడిలో సున్నా వేసి, కింద ఖాళీలో ఆమె మాటే రాశాను. రిపోర్టు తయారయ్యేలోగా ఆ ఒక్క వాక్యం ఎవరూ తీసేయకూడదు, అదే టెన్షన్.

ఫోన్ పెట్టేముందు, జొన్నలు ఎప్పుడిస్తారని అడిగింది. తేదీ చెప్పలేకపోయాం.