సోమశిల దగ్గర నేలను కొలిచే నీళ్లు

లక్షదీవుల పగడపు మడుగుల ఉపగ్రహ చిత్రాలతో నీటి లోతు కొలిచే పని చేస్తున్నప్పటి నుంచీ నాకొక కోరిక ఉండేది. ఆ విద్యను మన కృష్ణా నది మీద కూడా పరీక్షించి చూడాలని. తెలంగాణకు సముద్రం లేదు. అయితే పాలమూరు దక్షిణపు అంచున శ్రీశైలం జలాశయం వెనుక నీరు కనుచూపు మేర పరుచుకుని ఉంటుంది. దాని అడుగున ఒండ్రు ఎంత పేరుకుందనేది ఈ ప్రాంతానికి చిన్న ప్రశ్న కాదు. కల్వకుర్తి ఎత్తిపోతలకైనా, పాలమూరు-రంగారెడ్డి పథకానికైనా నీరు తోడుకోవలసింది అక్కడి నుంచే. నీరు బాగా వెనక్కి తగ్గే ఏప్రిల్ నెల చూసుకుని కొల్లాపూర్ దగ్గరి సోమశిలకు బయలుదేరాం. ఆ పక్క ఊళ్లోనే పుట్టి పెరిగిన సహోద్యోగి నాకు తోడు.

హైదరాబాద్ నుంచి సుమారు 180 కిలోమీటర్లు. బెంగళూరు రహదారి మీద షాద్‌నగర్ దాటుతుంటే, ఒకప్పటి పాలమూరు జిల్లాలోని ఈ ఊరి దగ్గరే కదా మన దూరగ్రాహక ఉపగ్రహాల సంకేతాలు నేలకు దిగేది అనుకున్నాను. జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్ గ్రాహక కేంద్రం ఇక్కడే ఉంది. అదే సంస్థ పరిశోధకులు 2024లో రామసేతువు మునిగి ఉన్న రూపాన్ని పది మీటర్ల స్పష్టతతో పటం గీశారు. అందుకు వాడింది నాసా వారి ఐస్‌శాట్-2 ఉపగ్రహం పంపిన లేజరు కొలతలు. 2018లో ఎగిరిన ఆ ఉపగ్రహం సెకనుకు పదివేల సార్లు ఆకుపచ్చ కాంతిని కిందికి పంపుతుంది. తేటనీటిలో ఆ కాంతి కొంత అడుగును తాకి తిరిగి వస్తుంది. నీటి పై తలం నుంచి వచ్చిన కాంతికీ, అడుగు నుంచి వచ్చిన కాంతికీ మధ్య ఉన్న ఆలస్యమే లోతు.

లేజరు లేకుండా మామూలు చిత్రంతో కూడా లోతు తెలుసుకోవచ్చు. సూర్యకాంతిలోని ఎరుపు కొద్ది మీటర్లలోనే నీటిలో ఇంకిపోతుంది. ఆకుపచ్చ అంతకంటే లోతుకు దిగుతుంది. తేట సముద్రంలో అన్నిటికన్నా లోతుకు పోయేది నీలం. ఒకే చోట నీలం, ఆకుపచ్చ ఏ పాళ్లలో తిరిగి వచ్చాయో చూస్తే అడుగు ఎంత దూరంలో ఉందో లెక్క కట్టవచ్చు. 1975లోనే నాసా, ఫ్రెంచి సముద్ర అన్వేషకుడు జాక్ కూస్టో బృందం కలిసి బహామా దీవుల దగ్గర ఓడ మీది కొలతలతో ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను సరిపోల్చి, తేటనీటిలో 22 మీటర్ల వరకు లోతు అందుతుందని తేల్చారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ ఓడే. ఆకాశం నుంచి వచ్చిన అంకె ఏదైనా, ఎవరో ఒకరు నీటిలోకి దిగి కొలిచిన అంకె పక్కన నిలబడితేనే దానికి విలువ.

కొల్లాపూర్‌లో సహోద్యోగి అమ్మగారు జొన్నరొట్టెలు పెట్టి, "ఎండలో తిరగకండి, పొద్దున్నే వెళ్లి రండి" అని చెప్పారు. మరునాడు తెల్లవారకముందే సోమశిలలో ఉన్నాం. ముంపు నుంచి తప్పించి పైకి తరలించిన లలితా సోమేశ్వరుని గుళ్ల కింది మెట్ల నుంచి చూస్తే ఎదురుగా నల్లమల, మధ్యలో ఆకుపచ్చని గోధుమ రంగు నీళ్లు. ఆ రంగు చూడగానే సగం జవాబు దొరికింది. నలుపు తెలుపు పూసిన గుండ్రటి బిళ్ళను తాడుతో దించి, అది ఎక్కడ కనుమరుగవుతుందో చూడడం నీటి తేటదనాన్ని కొలిచే పాత పద్ధతి. 1865లో ఇటలీ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి మొదలుపెట్టాడు. ఆ బిళ్ళ మాయమయ్యే లోతుకు కాస్త అటూ ఇటూగానే ఉపగ్రహం చూపు కూడా ఆగుతుంది. లక్షదీవుల మడుగుల్లో అడుగున ఇసుక కూడా కనిపిస్తుంది. ఇక్కడ మీటరు దిగకముందే బిళ్ళ మాయమైంది.

మమ్మల్ని నీటి మీద తిప్పినది విశాఖ తీరం నుంచి వచ్చి ఒడ్డున టార్పాలిన్ గుడారం వేసుకున్న ఒక మత్స్యకారుడు. అలా వలస వచ్చిన కుటుంబాలు ఈ తీరం వెంట చాలా ఉన్నాయి. మా పని విని ఆయన ఆశ్చర్యపోలేదు. "సముద్రంలో లోతు రంగు చూసి చెప్పేస్తామమ్మా. ఇక్కడ రంగును నమ్మితే పడవ బురదలో కూర్చుంటుంది. తాడు వెయ్యాల్సిందే" అన్నాడు. రాయి కట్టిన తాడు దించి, పైకి లాగుతూ బారలు లెక్కపెట్టాడు. ఒడ్డుకు చాలా దూరంలో రెండు బారలకు మించని చోట్లున్నాయి. ఒక చోట పడవ ఆపి, "కింద పాత ఊరి గోడలున్నాయి, వల వేస్తే చిరుగుతుంది" అని చూపించాడు. శ్రీశైలం నీటి కింద వందకు పైగా ఊళ్లు పోయాయని పుస్తకాల్లో చదివాను. ఆ గోడలు ఈయనకు రోజూ దాటి వెళ్లవలసిన అడ్డు. ఆ చోటుల అక్షాంశ రేఖాంశాలన్నీ ఫోనులో రాసుకున్నాను. ఏ ఉపగ్రహమూ నాకు ఇవ్వలేని సమాచారం అది.

మరి ఉపగ్రహానికి ఇక్కడ పనే లేదా? ఉంది, కానీ వేరే దారిలో. నీటిలోకి చూడలేనప్పుడు నీటి అంచును చూడాలి. కంటికి కనిపించని, ఎరుపు పక్కనే ఉండే సమీప పరారుణ కాంతిలో నీరు దాదాపు నల్లగా, నేల తెల్లగా కనిపిస్తుంది. జలాశయం తగ్గుతున్నకొద్దీ ఒక్కో చిత్రంలో అంచు ఒక్కో చోట ఉంటుంది. ఆనకట్ట దగ్గర నీటిమట్టాన్ని రోజూ నమోదు చేస్తారు. కాబట్టి ఆ రోజు అంచు ఉన్న చోటల్లా నేల ఎత్తు అదే. సంవత్సరమంతా నీరు తానే దిగుతూ నేల మీద సమోన్నత రేఖలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, గీసి పెడుతుందన్నమాట. రెండు మట్టాల దగ్గర నీటి విస్తీర్ణం తెలిస్తే, వాటి మధ్య పట్టే నీరెంతో లెక్కకు వస్తుంది. అదే మట్టంలో పాత చిత్రం కన్నా కొత్త చిత్రంలో విస్తీర్ణం తగ్గితే, తగ్గిన చోట ఒండ్రు కూర్చున్నట్టు.

ఆ అంచు వెంట నడవడానికే మిగతా రోజంతా పోయింది. నా చేతిలో యూరప్ వారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రపు అచ్చు. అందులో ఒక చుక్క నేల మీద పది మీటర్లు. పల్లపు ఒండ్రు మేటల దగ్గర వాలు నూటికి ఒకటిగా ఉంటే, నీరు పది సెంటీమీటర్లు తగ్గినా అంచు ఒక చుక్క జరుగుతుంది. అంత సున్నితమైన కొలత! అదే నల్లమల రాళ్లు నిటారుగా నీటిలోకి దిగే చోట మీటర్లకు మీటర్లు తగ్గినా చిత్రంలో కదలిక ఉండదు. అంటే ఒండ్రు ఎక్కడ ఎక్కువగా చేరుతుందో, ఈ పద్ధతి అక్కడే బాగా పని చేస్తుంది. చిక్కల్లా తడి బురదతో. కాలు పెడితే మోకాలి దాకా దిగే చోట్లు చిత్రంలో నీటిలాగే నల్లగా ఉన్నాయి. అటువంటి చోట్ల అసలు అంచు ఎక్కడో ఫోను పట్టుకుని గుర్తించాం. వాటిని విడదీయడానికి ఇంకా పొడవైన పరారుణ తరంగాల చిత్రాన్ని కలిపి చూడాలి.

ఇదంతా ఎందుకంటే, శ్రీశైలం జలాశయం 885 అడుగుల మట్టంలో మొదట 308 టీఎంసీలు పట్టేది. తర్వాతి సర్వేలు దాన్ని 215 టీఎంసీల దగ్గరికి దించాయి. దిగువన నల్లగొండ అంచున ఉన్న నాగార్జునసాగర్‌ది కూడా 408 నుంచి 312కు తగ్గింది. పోయిన ప్రతి టీఎంసీ ఎవరి పొలానిదో, ఎవరి బిందెలోదో. రెండు రాష్ట్రాలు వాటాల కోసం పోట్లాడుకునే నది మీద ఈ లెక్క ఎప్పుడో ఒకసారి కాదు, ఏటా జరగాలి. సెంటినెల్, ల్యాండ్‌శాట్ చిత్రాలు ఉచితం. చదువుకున్న పిల్లలు ప్రతి జిల్లాలో ఉన్నారు.

పద్ధతికి హద్దులు లేకపోలేదు. వేసవిలో నీరు ఎంతవరకు దిగుతుందో అంతవరకే ఉపగ్రహం లెక్క. ఆ కిందిది తెలియాలంటే ధ్వనితో లోతు కొలిచే పరికరాన్ని పడవకు కట్టి తిరగవలసిందే. వరద నిండే నెలల్లో మేఘాలు అడ్డొస్తాయి కనుక అప్పుడు రాడార్ చిత్రాలు కావాలి.

సాయంత్రం మత్స్యకారుడికి అచ్చు చూపించాను. తన గుడారం ఉన్న వంపును వెంటనే గుర్తుపట్టి, మేట ఒకటి చిత్రంలో ఉన్నదానికన్నా ఇప్పుడు బాగా బయటపడిందని వేలితో గీసి చూపాడు. చిత్రం తీసి వారం దాటింది. ఆయన గీసిన గీతను, మేము నడిచి గుర్తించిన బిందువులను తర్వాతి చిత్రంతో సరిపోల్చాలి. నీరు మళ్లీ నిండేలోగా ఇంకొన్ని చిత్రాలు వస్తాయి. ఒక్కోదాన్ని అప్పటి మట్టంతో జత చేసి, ఈ వంపు వరకైనా పటం పూర్తిచేసి ఆయనకు ఒక ప్రతి పంపుతానని చెప్పి వచ్చాను.